కనకాంబరం, డిసెంబరు పువ్వు: దగ్గర మెరిసిన జంట దూరాన ఎందుకు మసకబారింది?

కావలి తులసికోట (జనవరి 5)

అందరికీ నమస్కారం. మా మేనకోడలి బిడ్డను నిన్న సాయంత్రం ఉయ్యాలలో వేశారు. ఉయ్యాల అలంకారం నాకు అప్పగించారు కాబట్టి, ఈసారి బజారులో దొరికిన పూలను దొరికినట్టు చుట్టకుండా, రంగుల చక్రం ముందు పెట్టుకుని ఆలోచించి చేద్దామనుకున్నాను. చక్రంలో నారింజ ఒక పక్కన ఉంటే ఊదా దానికి దూరంగా ఇంకో పక్కన ఉంది; దూరంగా ఉన్న రంగులను పక్కపక్కన పెడితే రెండూ వెలుగుతాయని చదివాను. ఆ ప్రకారం కనకాంబరాలూ డిసెంబరు పూలూ తెప్పించి, ఒక ముడి కనకాంబరం, ఒక ముడి డిసెంబరు, అక్కడక్కడ ఒక మరువపు రెమ్మ చొప్పున నలభై మూరలు కట్టి, గొలుసులకూ పై చట్రానికీ చుట్టాను.

దగ్గర నిలబడి చూస్తే కెంపులూ నీలాలూ పొదిగిన నగలా ఉంది. కానీ చుట్టాలు కూర్చున్నది వాకిట్లో షామియానా కింద, ఉయ్యాలకు పన్నెండు మీటర్ల దూరంలో. అక్కడి నుంచి చూస్తే నారింజా కనిపించలేదు, ఊదా కనిపించలేదు. గొలుసులకు ఇటుకపొడి పూసినట్టు ఏదో మట్టిరంగు కనిపించింది. దీపాలు వేశాక డిసెంబరు పూలు మాడిపోయిన మచ్చల్లా నల్లబడ్డాయి. పూలు వాడలేదు, అప్పుడే నీళ్లు చల్లినవి. తప్పు చక్రానిదా, నా చేతిదా? మాఘమాసంలో మా చెల్లెలి సీమంతం ఉంది. ఆ లోపల ఈ సంగతి తేల్చుకోవాలని ఉంది.


పలకాబలపం, ఒంగోలు (జనవరి 5)

తులసికోట గారూ, నేను పాఠశాలలో చిత్రలేఖనం చెబుతాను. మీకు ఎదురైన ఇబ్బందిలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి, వాటిని విడదీసి చూద్దాం.

మొదటిది చక్రం. మేము చిత్రలేఖనంలో వాడే పన్నెండు రంగుల చక్రంలో నారింజకు సరిగ్గా ఎదురుగా ఉండేది నీలం. ఊదాకు ఎదురుగా ఉండేది పసుపు. నారింజ నుంచి ఊదాకు నాలుగు గళ్ల దూరమే ఉంటుంది, ఆ రెంటికీ నడుమ కూర్చున్నది ఎరుపు. అంటే మీరు ఎంచుకున్నవి ఎదురెదురు రంగులు కావు, ఒకే ఎరుపుకు అటూ ఇటూ ఉన్నవి. ఆ రెండూ ఎక్కడైనా కలిసిపోతే వచ్చేది నిగ్గు తగ్గిన ఎరుపు. మీరు రాసిన ఇటుకపొడి రంగు సరిగ్గా అదే.

రెండవది, అసలు అవి ఎందుకు కలిసిపోయాయన్నది. పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగానికి షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా ఉండేవాడు. అక్కడ వాడే నల్ల ఉన్ని నల్లగా కనిపించడం లేదని ఫిర్యాదులు వస్తే, ఆయన పరిశీలించి, లోపం అద్దకంలో లేదని, పక్కన నేసిన రంగు వల్ల కంటికి అలా తోస్తున్నదని తేల్చాడు. 1839లో ఆయన అచ్చు వేయించిన గ్రంథంలో దుస్తులకూ తెరలకూ తోడు తోటలో ఏ రంగు పూల పక్కన ఏ రంగు పూలు నాటితే బాగుంటుందో కూడా వివరంగా ఉంది. ఆ పరిశీలనలోని ముఖ్య విషయం ఇది: రెండు రంగులు కంటికి విడివిడిగా కనిపించేటంత పెద్దవిగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి ఎత్తి చూపుతాయి; కంటికి అందనంత చిన్నవిగా ఉన్నప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. జంట ఒకటే, పరిమాణాన్ని బట్టి ఫలితం తిరగబడుతుంది.

మీ లెక్కే చూడండి. ఒక ముడి ఒకటిన్నర సెంటీమీటరు అనుకుంటే, కనకాంబరం ఒకటి డిసెంబరు ఒకటి కలిసిన జంట మూడు సెంటీమీటర్లు. పన్నెండు మీటర్ల దూరం నుంచి చూసేవారికి ఆ జంట ఒక డిగ్రీలో ఏడో వంతు. వెలుగునీడల తేడాను మన కన్ను ఇంతకంటే సన్నగానైనా పట్టగలదు కానీ, రంగుల తేడాను పట్టే చూపు అంత చురుకైనది కాదు. అందులోనూ కనకాంబరం, డిసెంబరు, మరువం మూడూ ముదురువే కావడంతో కంటికి పట్టుకోవడానికి వెలుగునీడల ఆసరా కూడా దొరకలేదు.

నేతవారికి ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. నెమలికంఠం చీరలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. దారాలు సన్నవి కాబట్టి చీర కట్టుకున్న మనిషి నాలుగడుగుల దూరంలో ఉన్నా మనకు మూడో రంగు కనిపిస్తుంది. మీరు పూలతో నెమలికంఠం నేశారు, అంతే. కాకపోతే మీరు కోరుకున్నది అది కాదు.


మూరపూలు, ఒంగోలు (జనవరి 6)

అమ్మా, నేను ఇరవై రెండేళ్లుగా పూలకొట్టు నడుపుతున్నాను, మా అమ్మ గంపలో పెట్టుకుని అమ్మిన రోజుల నుంచి లెక్క వేస్తే ఇంకా ఎక్కువ. మాస్టారు చెప్పిన డిగ్రీల సంగతి నాకు తెలియదు కానీ, ఫలితం మాత్రం నాకు బాగా తెలిసినదే. జడలో పెట్టుకునే పూలు ఒక రకంగా కడతాము, వేదికకు కట్టే పూలు ఇంకో రకంగా కడతాము. జడలోని పూలను వెనక నిలుచున్న మనిషి చూస్తాడు. వేదిక పూలను వీధిలోని మనిషి చూడాలి. మీరు జడకు కట్టే పద్ధతిలో ఉయ్యాలకు కట్టారు.

కదంబం ఎలా కడతామో గమనించండి. కనకాంబరం తర్వాత నేరుగా చామంతి రాదు, నడుమ మల్లెమొగ్గో లిల్లీమొగ్గో కాగడామల్లో పడుతుంది. తెల్లపూలు చవక అని అలా వేస్తారని కొందరు అనుకుంటారు, కానీ మల్లెలు కాయని రోజుల్లో అవి కనకాంబరం కంటే ప్రియంగా ఉన్నా వాటిని వేయక తప్పదు. మడికీ మడికీ నడుమ గట్టు ఉన్నట్టు రంగుకూ రంగుకూ నడుమ తెలుపు ఉండాలి. గట్టు తెగితే నీళ్లు కలిసినట్టు, తెలుపు లేకపోతే రంగులు కలుస్తాయి.

మరువం వాసనకు మంచిదే, కానీ దూరానికి అది నీడలాగా కనిపిస్తుంది, ముదురు పూల నడుమ వేస్తే దండ ఇంకా చీకటి అవుతుంది. ఇకపై పది మీటర్లు దాటి చూసేవారి కోసమైతే ఒక్కో రంగును జానెడుకు తక్కువ కాకుండా గుత్తంగా కట్టండి, నడుమ నాలుగు వేళ్ల తెలుపు ఇవ్వండి. కనకాంబరంలో ఢిల్లీ రకం అడగండి, రేకు పెద్దది, రంగు నిండుగా ఉంటుంది.


దీపాల పని, నెల్లూరు (జనవరి 6)

పెళ్లిళ్లకు దీపాలు అమర్చే పని నాది. అందరూ పూల గురించే మాట్లాడుతున్నారు, పువ్వు మీద పడే వెలుగు గురించి ఎవరూ మాట్లాడలేదు. తులసికోట గారూ, ఒక్క ప్రశ్న: పొద్దు గుంకి ఇంకా దీపాలు వేయని ఆ పది నిమిషాల్లో ముందుగా ఏ పువ్వు వన్నె తగ్గింది? దీపాలు వేశాక ఏది తగ్గింది? ఈ రెండింటికీ కారణాలు వేరు.


కావలి తులసికోట (జనవరి 6)

మీరు అడిగాక వీడియో మళ్లీ తిప్పి చూశాను, నాకు గుర్తున్నది కూడా అదే. పొద్దు గుంకే వేళ కనకాంబరాలు ముందుగా మాసిపోయాయి, డిసెంబరు పూలు మాత్రం ఏదో పాలిపోయిన నీలంగా నిలబడ్డాయి. దీపాలు వేయగానే తారుమారైంది, కనకాంబరాలు తేరుకున్నాయి కానీ డిసెంబరు పూలు నల్లబడిపోయాయి.


దీపాల పని, నెల్లూరు (జనవరి 7)

అనుకున్నట్టే జరిగింది. సందెవేళ జరిగేదాన్ని పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త పేరుతో పిలుస్తారు. పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో ఆయన గమనించినది కూడా పూలలోనే: ఎండలో ఆకుల కంటే ఎంతో మెరిసే ఎర్రపువ్వు, తెల్లవారుజామున అదే ఆకుల కంటే నల్లగా కనిపించింది. వెలుగు బాగా ఉన్నప్పుడు కంటిలోని శంకు కణాలు పని చేస్తాయి, వెలుగు సన్నగిల్లినప్పుడు ఆ పని దండ కణాల (కడ్డీ ఆకారపు కణాల) మీద పడుతుంది, దండ కణాలకు ఎరుపు వైపు చూపు దాదాపు లేదు, నీలం పచ్చల వైపు ఎక్కువ. అందుకే సందెవేళ నారింజ, ఎరుపు ముందుగా కునుకుతాయి.

దీపాలు వేశాక జరిగినది దీపం తప్పు. మీ ఇంటి ముందు వేసినవి పసుపు వెలుగు బల్బులై ఉంటాయి, అంటే 2700 నుంచి 3000 కెల్విన్ వరకు ఉండేవి (కెల్విన్ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుగా, పెరిగేకొద్దీ తెల్లగా, నీలంగా ఉంటుంది). వాటి వెలుగులో నీలం, ఊదా పాలు చాలా తక్కువ. పువ్వు తనపై పడిన వెలుగునే తిప్పి పంపగలదు కానీ, లేని వెలుగును పుట్టించలేదు. ఊదా వెలుగు అందని ఊదా పువ్వు నల్లగానే కనిపిస్తుంది. వీధి చివర పాత సోడియం దీపం కింద నిలబడి పూలబుట్ట చూసినవారికి ఇది తెలిసే ఉంటుంది, బుట్టలో ఎన్ని రంగులున్నా అన్నీ పసుపు, బూడిదల నడుమే కనిపిస్తాయి.

ఎర్రగులాబీలు వాడేవారికి ఇంకో మాట. చవక ఎల్‌ఈడీల్లో ముదురు ఎరుపు పాలు తక్కువ, వాటి కింద ఎర్రగులాబీ గోధుమరంగుకు తిరుగుతుంది. పెట్టె మీద సీఆర్ఐ అనే అంకె (దీపం రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పేది) చూసి, 90కి తగ్గనివి ఎంచుకోండి. నీలం, ఊదా పూలు ఉన్నప్పుడు 4000 కెల్విన్ దగ్గరి దీపం నాకు అన్నిటికంటే నమ్మకమైనది. 6500 తెల్లదీపం ఊదాకు మంచిదే కానీ పసుపుబంతిని నిమ్మకాయ చేస్తుంది, మనుషుల ముఖాలను పాలిపోయినట్టు చూపిస్తుంది.

మాస్టారు గారితో మాత్రం ఒక విషయంలో విభేదిస్తున్నాను. మీ పన్నెండు రంగుల చక్రం కుంచెతో రంగులు కలిపేవారిది. వెలుగుతో పని చేసే మాకు నీలానికి ఎదురు పసుపు, ఎరుపుకు ఎదురు నీలిపచ్చ. ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ అని పిల్లలకు చెప్పడం సగం సత్యమే. నమ్మకం లేకపోతే ఎర్రమందారాన్ని అరనిమిషం కన్నార్పకుండా చూసి తెల్లగోడ వైపు చూపు తిప్పండి, గోడ మీద తేలే నీడ ఆకు రంగులో ఉండదు, నీలం కలిసిన పచ్చగా ఉంటుంది.


పలకాబలపం, ఒంగోలు (జనవరి 7)

ఈ సవరణను ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోవడమే కాదు, మన చర్చకు అది అవసరం కూడా. కుంచెలో నారింజనూ ఊదానూ కలిపితే రెండు వర్ణకాలూ వెలుగును మింగుతాయి కాబట్టి వచ్చేది చీకటి గోధుమరంగు. పూలలో అలా జరగదు, ఏ పువ్వుకు ఆ పువ్వు తన వెలుగును తాను పంపుతుంది, కలయిక కంటిలో జరుగుతుంది, అందువల్ల వచ్చేది రెంటి సగటు. తులసికోట గారికి నల్లటి గోధుమరంగు కాక ఇటుకపొడి రంగు కనిపించడానికి కారణం అదే.

మా చక్రాన్ని మాత్రం పూర్తిగా పక్కన పెట్టమనను. 1704లో న్యూటన్ తన గ్రంథంలో సూర్యకాంతిలోని ఏడు రంగుల పట్టీని వంచి, రెండు కొసలనూ కలిపి వలయంగా గీసిన నాటి నుంచి ఎన్నో చక్రాలు వచ్చాయి, ఒక్కొక్కటీ ఒక్కొక్క పనికి ఉద్దేశించినది. ఏ చక్రంలోనైనా ఇరుగుపొరుగు ఎవరన్న విషయంలో పెద్ద తేడా లేదు, ఎదురు ఎవరన్న దాంట్లోనే తగాదా. పూలు ఎంచుకునేవారికి ఆ గడికి అటో ఇటో పడినంత మాత్రాన అలంకారం చెడదు. చెడేది వేరే చోట. రంగుకు మూడు గుణాలుంటాయి: ఏ రంగు అన్నది ఒకటి, ఎంత లేత లేదా ఎంత ముదురు అన్నది రెండవది, ఎంత నిగ్గు అన్నది మూడవది. చక్రం మొదటిదాన్ని మాత్రమే చూపిస్తుంది. దూరం నుంచి చూసే అలంకారాన్ని నిలబెట్టేది రెండవది.

పరీక్షించే దారి సులభం. కట్టిన పూలను ఫోనులో ఫోటో తీసి, రంగు తీసేసి నలుపు తెలుపుగా మార్చి చూడండి. అందులో రెండు పూలు ఒకే బూడిదగా కలిసిపోతే, దూరాన రంగులోనూ కలిసిపోయే ప్రమాదం ఉంది.


రంగనాయకులపేట వాసి (జనవరి 8)

పెన్నా ఒడ్డున మా ఇల్లు. మా తాతగారి నాటి నుంచి గుళ్లకు మాలలు కట్టే కుటుంబం మాది. ఈ చర్చను శ్రద్ధగా చదివాను. పారిస్ పేర్లూ ప్రాగ్ పేర్లూ వినిపించాయి, సంతోషమే, కానీ మన మాలకట్టేవారి కన్ను ఈ సంగతులను పేర్లు పెట్టకుండానే పట్టుకుందని చెప్పకపోతే చర్చ అసంపూర్ణం అవుతుంది.

నల్లరాతి మూలమూర్తికి తోమాల కట్టేటప్పుడు మా తాతగారు ముందుగా అడిగేది గర్భగుడిలో ఎన్ని దీపాలు వెలుగుతాయనే. నూనెదీపాలు రెండే ఉన్నచోట ముదురు ఎర్రగన్నేరు ఎంత కట్టినా రాతిలో కలిసిపోతుంది. అక్కడ నందివర్ధనం, లిల్లీమొగ్గలు, లేత పసుపు చామంతి పైకి తేలుతాయి, వాటి నడుమ తులసి గీత గీసినట్టు నిలుస్తుంది. అదే మూర్తి ఉత్సవానికి పగటిపూట పల్లకిలో బయటికి వస్తే, ఆ తెల్లమాల ఎండలో పాలిపోతుంది కాబట్టి అప్పుడు గులాబీలు, ఎర్రగన్నేరు, ముద్దబంతి వస్తాయి. చీకటికి తెలుపు, ఎండకు ఎరుపు అని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నిన్న మీరు సందెవేళ గురించి రాసినది చదువుతుంటే తాతగారి మాటే ఇంకొకరి నోట విన్నట్టనిపించింది.

ఇంకో సంగతి. మన భాషలో పచ్చ అనే మాట పసుపుకూ వస్తుంది, ఆకు రంగుకూ వస్తుంది. పచ్చని చేను అంటాము, పచ్చని మేనిచాయ అంటాము, విడదీయాలంటే పసుపుపచ్చ, ఆకుపచ్చ అని చెప్పుకుంటాము. చక్రంలో ఆ రెండూ ఇరుగుపొరుగు రంగులు. పసుపుబంతి, మామిడాకు కలిసిన తోరణం ఏ గడపకు కట్టినా తగవు పడకుండా ఉండడానికి కారణం ఆ చుట్టరికమే అని నా నమ్మకం. ఎదురు రంగుల వెంట పడేవారు ముందుగా ఇరుగుపొరుగు రంగులతో చేయి తిప్పుకోవడం మంచిది.


చీమకుర్తి రాయి (జనవరి 8)

పెద్దాయన మాట చాలా బాగుంది. అయితే పాత పద్ధతి అన్నదాన్ని కదలని దానిగా తీసుకోవద్దని ఒక మాట. ఇప్పుడు మన గుమ్మాల నిండా ఉండే బంతి, మన మాలలకు గట్టు పోసే లిల్లీ, అదే నేలసంపెంగ, రెండూ మెక్సికో నేల నుంచి వచ్చినవి. మన మాలకట్టేవారు వాటిని చేతిలోకి తీసుకుని, ఏది ఎక్కడ వెలుగుతుందో చూసుకుని తమవి చేసుకున్నారు. పరీక్షించి చూసుకునే ఆ గుణమే మనం నిలుపుకోవలసినది.

నేను రాతిపని చేసేవాణ్ణి కాబట్టి పూల వెనక ఉండే రంగు గురించి చెబుతాను. మా చీమకుర్తి నల్లరాయి గచ్చు మీద బంగారు చుక్కలు మిణుకుమంటూ ఉంటాయి, ఎన్నో కల్యాణ మండపాలలో పరిచినది అదే. దాని మీద బంతిరేకులతో ముగ్గు వేస్తే ఒక్కో రేకూ దీపంలా కనిపిస్తుంది, అదే రేకులను తెల్ల పాలరాయి మీద పోస్తే ముదిరిన పసుపుగా, కాస్త చిన్నగా కనిపిస్తాయి. డిసెంబరు పువ్వుకు నల్లరాయి మృత్యువు, తెల్లరాయి ప్రాణం. పూలు కొనే ముందు వాటి వెనక ఏముందో చూసుకోవాలి: సున్నం గోడా, మెరూన్ తెరా, పచ్చని కొబ్బరాకు పందిరా?

నిజమైన రంగు తెలుసుకోవాలంటే మార్కాపురం పలకను మించినది లేదు. దాని బూడిదనలుపు ఏ రంగు పక్షమూ వహించదు. నేను మూడు నాలుగు పూలను పలక మీద పరిచి, పది అడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు చికిలించి చూస్తాను. కళ్లు చికిలించినప్పుడు విడివిడిగా నిలిచిన పూలే పందిట్లోనూ నిలుస్తాయి.


కొత్తపట్నం అల (జనవరి 9)

నాకు పూలపని కొత్త. మాస్టారు నారింజకు ఎదురు నీలం అన్నారు. నీలం పూలు మన బజారులో నాకు ఎక్కడా కనిపించలేదు. రంగు అద్దిన నీలం గులాబీలు తెప్పించుకోవచ్చా?


మూరపూలు, ఒంగోలు (జనవరి 9)

అమ్మాయీ, రంగు అద్దినవి మేము కూడా అమ్ముతాము, కానీ అడిగినవారికి నిజం చెప్పే అమ్ముతాము. నీలం నీళ్లలో ముంచిన చామంతులు, లిల్లీలు నీళ్లు చల్లగానే రంగు దిగి కింద ఉన్న పట్టుచీర అంచుకు అంటుకుంటాయి, తర్వాత ఎంత ఉతికినా పోవు. పెరట్లో ఉండే శంఖుపువ్వు అసలైన నీలం, కానీ పొద్దున కోస్తే మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. పూజకు సరే, సాయంత్రపు వేదికకు పనికిరాదు. ఊదా ఆస్టరు అన్నిటికంటే నమ్మకమైనది, పొద్దున కట్టినది రాత్రి వరకు నిలుస్తుంది.


పలకాబలపం, ఒంగోలు (జనవరి 10)

నీలం గులాబీ ఎందుకు లేదో కూడా చెప్పుకోవడం మంచిది. పూలలో నీలానికి ముఖ్యంగా కావలసిన డెల్ఫినిడిన్ వర్ణకాన్ని గులాబీ తనంతట తాను తయారు చేసుకోలేదు. జన్యువును చేర్చి పెంచిన గులాబీని 2009లో జపాన్‌లో అమ్మకానికి తెచ్చారు, అది కూడా లేత ఊదాగానే వచ్చింది. ఎర్రగులాబీ వాడుతున్నకొద్దీ రేకుల రసంలో పులుపు తగ్గి నీలం వైపు జరుగుతుంది. అందువల్ల ముందు రోజు కట్టిన ఎర్రగులాబీని తాజా ఎర్రగులాబీ పక్కన పెడితే ఒకే పువ్వు రెండు రంగులుగా కనిపిస్తుంది. రంగుల పొందిక చూసేవారు పువ్వు వయసును కూడా చూడాలి.

ఇక పాళ్ల విషయం. జర్మనీలోని బౌహౌస్ అనే కళాశాలలో 1919 నుంచి 1923 వరకు పాఠం చెప్పిన ఇటెన్ అనే చిత్రకారుడు, జర్మన్ కవి గోథే పేర ఒక లెక్క వాడేవాడు. పసుపు మెరుపును 9గా తీసుకుంటే నారింజ 8, ఎరుపు 6, ఆకుపచ్చ 6, నీలం 4, ఊదా 3. మెరుపు ఎక్కువ ఉన్నదాన్ని తక్కువ చోటులో ఉంచితే తూకం కుదురుతుంది. అంటే పసుపు ఒక పాలైతే ఊదా మూడు పాళ్లు, నారింజ ఒక పాలైతే నీలం రెండు పాళ్లు, ఎరుపు, ఆకుపచ్చ సరిసమానం.


మూరపూలు, ఒంగోలు (జనవరి 10)

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఈ మాటకు ఎదురు చెబుతున్నాను. మూడు పాళ్ల ఊదా, ఒక పాలు పసుపు కట్టి ఇస్తే మన ఊళ్లో శుభకార్యానికి ఎవరూ తీసుకోరు. పసుపు మన శుభానికి గుర్తు, అది నిండుగా ఉండాలి. నేను పది పాళ్లు పసుపుకు ఒక పాలు ఊదా వేస్తాను. అప్పుడు ఊదా చుక్క బుగ్గన చుక్కలా నిలుస్తుంది. సంక్రాంతి దగ్గర పడింది కదా, గొబ్బెమ్మను చూడండి. పేడముద్ద అంతా ముదురు రంగు, నెత్తిన ఒక్క గుమ్మడిపువ్వు. ఒక రంగు రాజ్యం చేయాలి, ఇంకొకటి దానికి బొట్టులా ఉండాలి. తూకం కుదిరితే కన్ను ఎక్కడ ఆగాలో తెలియక తిరుగుతూనే ఉంటుంది.


పలకాబలపం, ఒంగోలు (జనవరి 11)

మీరు చెప్పినది ఇటెన్ మరో పాఠంతో సరిపోతుంది. పాళ్లలో భారీ తేడా ఉన్నప్పుడు తక్కువగా ఉన్న రంగు ఎక్కువ తీవ్రంగా కనిపిస్తుందని ఆయనే చెప్పాడు. కాబట్టి తూకం నెమ్మదిని ఇస్తుంది, తేడా బొట్టును ఇస్తుంది, ఏది కావాలో వేడుకను బట్టి ఎంచుకోవాలి. శుభకార్యానికి మీ లెక్కే తగినదని ఒప్పుకుంటున్నాను.

తులసికోట గారికి ఒక ప్రశ్న: మీ చెల్లెలు కట్టుకునే చీర ఏ రంగు? ముఖం వెనక ఏ రంగు ఉంటే ముఖానికి దాని ఎదురు చాయ సోకినట్టు కంటికి తోస్తుంది. వెనక ఆకుపచ్చ ఉంటే ముఖంలో కాస్త గులాబిచాయ తేలుతుంది, షెవ్రల్ కూడా దీన్ని రాశాడు. కొబ్బరాకు పందిట్లో పెళ్లికూతురు ముఖం కళకళలాడడానికి ఇదీ ఒక కారణం.


దీపాల పని, నెల్లూరు (జనవరి 11)

ఒక జాగ్రత్త. ఆకులు ముఖానికి మరీ దగ్గరగా ఉండి, ఫోకస్ దీపం నేరుగా ఆకుల మీద పడితే, ఆకుల నుంచి పచ్చవెలుగే బుగ్గల మీదకు వచ్చి మనిషి జ్వరపడినట్టు కనిపిస్తుంది. ఆకుల తెరకూ కుర్చీకీ నడుమ కనీసం రెండు మూరల ఎడం ఉంచి, దీపాన్ని ముందు నుంచి వేయించండి.


కావలి తులసికోట (జనవరి 12)

చీర వంగపండు రంగు, బంగారు జరీ అంచు. మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకున్నాను. వెనక మామిడాకులూ కొబ్బరాకులూ కలిపిన తెర, రెండు మూరల ఎడంలో. దాని మీద ఎడమవైపు ముద్దబంతి నారింజ గుత్తంగా, కుడివైపు లేత పసుపు చామంతి, రెంటి నడుమా జానెడు వెడల్పున లిల్లీమొగ్గల గట్టు. ఊదా ఆస్టరు పది చోట్ల మాత్రమే, చామంతిలో గుప్పెడు గుప్పెడుగా. కనకాంబరం, మరువం చెల్లెలి జడకు. కార్యం అయ్యాక వచ్చి చెబుతాను.


కావలి తులసికోట (ఫిబ్రవరి)

సీమంతం నిన్న జరిగింది. ముందు రోజు పలక మీద అన్ని పూలనూ పరిచి, నలుపు తెలుపు ఫోటో తీశాను. నారింజబంతి, మామిడాకు ఆ ఫోటోలో దాదాపు ఒకే బూడిదగా కనిపించాయి. భయపడి బంతి గుత్తుల చుట్టూ కూడా నాలుగు వేళ్ల లిల్లీ అంచు కట్టాను. ఈ ఒక్క మార్పు వల్ల తెర నిలబడింది. వీధి మొదట్లో ఆటో దిగిన మా పిన్ని, అక్కడి నుంచే బంతి గుత్తులు లెక్కపెట్టగలిగానని చెప్పింది. దీపాలు 4000 కెల్విన్‌వే అడిగి తెప్పించుకున్నాను. ఊదా ఆస్టర్లు రాత్రి తొమ్మిది వరకు ఊదాగానే ఉన్నాయి. చెల్లెలి వంగపండు చీర ఆకుపచ్చ మీద విడిగా, నిండుగా కనిపించింది.

ఒక్క లోపం మిగిలింది. చామంతి వైపు ఫోటోల్లో పసుపు అంతా ఒకే ముద్దగా, రేకుల గీతలు లేకుండా వచ్చింది. కంటికి మాత్రం రేకులు బాగానే కనిపించాయి.


దీపాల పని, నెల్లూరు (ఫిబ్రవరి)

అది పూల తప్పు కాదు, వెలుగు ఎక్కువై కెమెరాలో పసుపు నిండిపోయింది. ఈసారి చామంతి వైపు దీపాన్ని కాస్త పక్కకు వాల్చి, ఒరగా పడేలా చూడండి. రేకుకూ రేకుకూ నడుమ నీడ పడుతుంది. ఫోటో తీసేటప్పుడు ఫోను తెర మీద చామంతిని తాకి వెలుగు తగ్గించమనండి.


మూరపూలు, ఒంగోలు (ఫిబ్రవరి)

లేత పసుపులో నాలుగో వంతు ముదురు పసుపు చామంతి కలిపి కట్టినా ఆ ముద్దతనం పోతుందమ్మా. రెండూ ఒకే బుట్టలో వస్తాయి, ఏరుకోవడమే పని.